ఎనిమిదో తరగతి గొడవ: ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టే ముందు

మేడమ్ గారూ, చదివే మిగతావాళ్లకు కూడా అర్థమయ్యేలా మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్తాను. గాజువాక వైపు హైస్కూల్లో మీరు ఎనిమిదో తరగతి క్లాస్ టీచర్. మధ్యాహ్న భోజనం లైన్లో ఒక అబ్బాయి వెనక నుంచి తోశాడు. ముందున్నవాడు గిర్రున తిరిగి చేతిలోని స్టీలు పళ్లెంతో వాడి నుదుటి మీద కొట్టాడు. రెండు కుట్లు పడ్డాయి. కొట్టిన పిల్లాడు జూన్‌లో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి చేరాడు, పిన్ని ఇంట్లో ఉంటున్నాడు. తండ్రి తాగొచ్చి తల్లిని కొట్టేవాడని మీకెవరో చెప్పారు. దెబ్బ తిన్న పిల్లాడి నాన్న వచ్చి స్టాఫ్ రూమ్ ముందు కేకలేశారు. హెచ్ఎం గారు టీసీ ఇచ్చి పంపేద్దాం అంటున్నారు. పీఈటీ మాస్టారు ఇద్దరి చేతా సారీ చెప్పించి, షేక్ హ్యాండ్ ఇప్పించి వదిలేద్దాం అంటున్నారు. మీరేమో ట్రైనింగ్‌లో విన్న రెస్టొరేటివ్ సర్కిల్, అంటే గొడవపడ్డవాళ్లను గుండ్రంగా కూర్చోబెట్టి ఎవరికేం నష్టమైందో, దాన్నెలా సరిచేయాలో వాళ్ల చేతే మాట్లాడించే పద్ధతి, ఈ శుక్రవారం క్లాసందరి మధ్యా పెడదామనుకుంటున్నారు. పనిచేస్తుందా, అలుసిచ్చినట్టు అవదా అని అడిగారు.

శుక్రవారం వద్దు. క్లాసందరి మధ్య అసలే వద్దు. సర్కిల్ మీద నాకు నమ్మకం లేక అనడం లేదు. విశాఖ హైస్కూళ్లలో చాలా ఏళ్లు పాఠాలు చెప్పి, తర్వాత పిల్లల కౌన్సెలింగ్ వైపు వచ్చిన మనిషిని, ఇలాంటివి దగ్గరుండి నడిపించాను. ఇంట్లో భయంతో పెరిగిన పిల్లాడు గొడవలో ఉన్నప్పుడు ఎదురెదురుగా కూర్చోబెట్టడం చివరి మెట్టు. దానికి ముందు ఒక్కొక్కరితో విడివిడిగా చేసే పనిలోనే అంతా ఉంది. అది సరిగ్గా చేస్తే ఆఖరి కూర్చోవడం పావుగంటలో అయిపోతుంది. చేయకపోతే ఆ సర్కిలే పిల్లాడికి ఇంకో దెబ్బ.

ఇలా మనసుకు తగిలిన గాయాన్ని ట్రామా అంటారు, పెద్ద మాటలా వినిపిస్తుంది గానీ, బడిలో మనకు కావలసినంత వరకు విషయం ఇదీ. ఎప్పుడు ఎటునుంచి దెబ్బ పడుతుందో తెలియని ఇంట్లో పెరిగిన పిల్లాడి ఒళ్లు ఎప్పుడూ కాచుకునే ఉంటుంది. వెనక నుంచి తోపు, పళ్లేల చప్పుడు, ఆకలి వేళ, చుట్టూ అరుపులు. ఆలోచన అందుకునేలోపే చెయ్యి లేచిపోతుంది. ఆ తర్వాత "ఎందుకు కొట్టావురా?" అని అడిగితే వాడి దగ్గర నిజంగానే జవాబు ఉండదు. నేల చూపులు చూస్తాడు, ఎంత గద్దించినా పలకడు. కొందరైతే నవ్వుతారు. ఆ నవ్వు చూసేసరికి మనకు ఒళ్లు మండిపోతుంది, "చేసిందంతా చేసి ఇకిలిస్తున్నాడు చూడండి" అంటాం. భయంతో బిగుసుకుపోయిన పిల్లలు చాలామంది అలాగే నవ్వుతారు. "నా కళ్లలోకి చూసి చెప్పు" అన్న మాట కూడా అలాంటి పిల్లాడికి బెదిరింపులాగే తగులుతుంది.

చిన్నప్పుడు ఇంట్లో చూసిన హింస, తాగుడు, నిర్లక్ష్యం పెద్దయ్యాక మనిషి ఆరోగ్యాన్ని కూడా దెబ్బతీస్తాయని 1998లో అమెరికా డాక్టర్లు ఫెలిట్టి, ఆండా తమ బృందంతో కలిసి ప్రచురించిన అధ్యయనం చూపించింది. బళ్లలో ఈ మాట ఇంతగా వినబడటానికి అదొక కారణం. మన ఊళ్లో దీనికి వేరే రూపాలు కూడా ఉన్నాయి. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ గ్యాస్ లీకైనప్పుడు వెంకటాపురం, గోపాలపట్నం వైపు నిద్రలోంచి లేచి పరిగెత్తిన చిన్నపిల్లలు ఇప్పుడు హైస్కూళ్లలో ఉన్నారు. కోవిడ్‌లో తల్లినో తండ్రినో పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. జాలరిపేటల్లో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, అంటే 61 రోజులు ఇంట్లో రాబడి ఉండదు. కొన్ని ఇళ్లలో అప్పులూ తాగుడూ తగాదాలూ అప్పుడే ముదురుతాయి. సెలవులైపోయి బడి తెరిచేసరికి ఆ పిల్లలు ఆ వేడితోనే వస్తారు. ఇవన్నీ తెలిసి ఉండటం మంచిది, కానీ వాటిని బట్టి పిల్లాడి మీద ముద్ర వేయకూడదు. "వాడికి ట్రామా ఉందట" అనే మాట స్టాఫ్ రూమ్‌లో తిరగడం మొదలైతే, "వాడు రౌడీ అట" అన్నదానికంటే వాడికి ఒరిగేదేమీ ఉండదు. ఎవరో మీకు చెప్పిన సంగతి మీ దగ్గరే ఉంచండి. హెచ్ఎం గారికి కూడా అవసరమైనంతే చెప్పండి.

గొడవైన గంటలో ఏం చేయాలో ఈసారికి దాటిపోయింది, కానీ మళ్లీ అవసరం పడుతుంది కాబట్టి చెప్తాను. దెబ్బ తిన్నవాడికి కట్టు కట్టించడం ఎలాగూ చేస్తాం. కొట్టినవాడిని హెచ్ఎం రూమ్ బయట వరండాలో నిలబెట్టడం మన అలవాటు. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ చూస్తారు, ఒకరిద్దరు "ఏట్రా, ఏం చేసినావు?" అని ఆగి మరీ అడుగుతారు. ఆ నిలబడటంలోనే వాడి భయం కాస్తా కసిగా మారుతుంది. లైబ్రరీ మూలో, సైన్స్ ల్యాబ్ పక్కనో, ఇంకో టీచర్ కంటికి కనిపించే చోట కూర్చోబెట్టండి. తలుపు వాడి వీపు వెనక కాకుండా ఎదురుగా కనబడాలి. మంచినీళ్లివ్వండి. వెనక నుంచి భుజం మీద చెయ్యి వేయకండి, ప్రేమతోనైనా సరే. ఏమీ అడగకండి. ఒళ్లు చల్లబడటానికి కనీసం అరగంట, ఒక్కోసారి ఆ పూటంతా పడుతుంది. ఆ వేడిలో రాయించిన సంజాయిషీ కాగితం దేనికీ పనికిరాదు.

ఇక విడి మాటలు. ముందు దెబ్బ తిన్న పిల్లాడితో మొదలుపెట్టండి. రెస్టొరేటివ్ అంటూ మనం కొట్టినవాడి కథలో పడి వీణ్ని మర్చిపోతుంటాం, అది చాలా బళ్లలో చూశాను. వాడికి కుట్ల నొప్పి కంటే అందరి ముందు దెబ్బ తిన్నానన్న అవమానం ఎక్కువ ఉండొచ్చు. "నీకేం కావాలి?" అని సూటిగా అడగండి. "వాణ్ని టీసీ ఇచ్చి పంపేయాలి" అంటాడు మొదట. అననివ్వండి. ఇంకాసేపు కూర్చుంటే "మళ్లీ నా వెనకాల నిలబడకూడదు", "క్లాసులో అందరూ నన్ను కుట్లోడు అంటున్నారు, అది ఆపాలి" లాంటి అసలు మాటలు బయటికొస్తాయి. తోసింది ఎందుకో కూడా అక్కడే తెలుస్తుంది. కొత్తగా వచ్చిన పిల్లాడి శ్రీకాకుళం యాసను వెక్కిరించడం మన సిటీ బళ్లలో మామూలే. ఆ తోపు వెనక ఆర్నెల్ల వెక్కిరింత ఉందేమో చూడండి. ఉందని కొట్టడం ఒప్పయిపోదు, కానీ మీరు సర్దాల్సిన గొడవ ఆ ఒక్క రోజుది కాకుండా పోతుంది.

కొట్టిన పిల్లాడి దగ్గర ప్రశ్న మారాలి. ఎందుకు అని అడగొద్దు, ఏం జరిగిందని అడగండి. నేను కూర్చున్న ఒక పిల్లాడి సంగతి చెప్తాను, మధురవాడ వైపు బడి, వీడిలాగే మాట్లాడని మనిషి. భోజనంలో ఇచ్చిన చిక్కీ తినేసి, ఆ కవర్‌ని మడిచి, మళ్లీ మడిచి, గోటితో గీటి, బియ్యపు గింజంత చేసే దాకా తలెత్తలేదు. నేను పక్కనే కూర్చుని అటెండెన్స్ రిజిస్టర్ పని చూసుకుంటున్నాను. ఎదురుగా కూర్చోలేదు, పక్కన. "లైన్లో నువ్వు ఎక్కడున్నావు, తలుపు దగ్గరా, గంగాళం దగ్గరా?" అని మాత్రం అడిగాను.

"గంగాళం కాడ."

"నీ వెనకాల ఎవరున్నారు?"

"కనబళ్లేదు మేడమ్. తోసినారు. గుంటలందరూ నవ్వినారు."

"అప్పుడు నీకు ఒంట్లో ఎలా అనిపించింది?"

చాలాసేపు ఆగి, "చెవులు మూసుకుపోయినట్టు అయ్యింది" అన్నాడు. ఎందుకు కొట్టావన్న ప్రశ్నకు దొరకని జవాబు అదే. అక్కడి నుంచి "తర్వాత ఏం చూశావు, వాడి నుదుటి మీద రక్తం చూసినప్పుడు ఏమనుకున్నావు, ఇప్పుడు దీనివల్ల ఎవరెవరికి ఇబ్బందైంది, దీన్ని సరిచేయాలంటే నువ్వేం చేయగలవు" అన్న వరుసలో పోయాం. ఒక్కరోజులో కాదు. ఇంటి సంగతి నేను ఒక్కసారి కూడా ఎత్తలేదు. మీరూ ఎత్తొద్దు. "మీ నాన్న అమ్మని కొడతాడట కదా" అని టీచర్ నోటివెంట వస్తే ఆ పిల్లాడు మీ దగ్గర ఇంక నోరు విప్పడు. వాడంతట వాడు చెప్తే వినండి, తవ్వకండి. ఆ ఇంట్లో ఇప్పటికీ వాడికి ప్రమాదం ఉందనిపించేలా ఏదైనా చెప్తే మాత్రం దాచి ఉంచలేమని మెల్లిగా వాడికే చెప్పి, హెచ్ఎం గారికి తెలియజేసి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాలి.

ఇక్కడ పెద్దవాళ్ల గురించి ఒక మాట. పిన్నిని పిలిచి "మీవాడు తల పగలగొట్టాడు" అని చెప్పి పంపిస్తే ఆ రాత్రి ఆ పిల్లాడికి ఏమవుతుందో ఆలోచించారా? చాలా ఇళ్లలో బడి నుంచి ఫోన్ వచ్చిందంటే వాతలే. పిలవడం తప్పదు, కానీ పిలిచినప్పుడు "మీరు కొట్టి దారిలో పెట్టండి అని పిలవలేదమ్మా, వీడు ఇక్కడ కుదురుకోవడానికి మీ సాయం కావాలి, దీని గురించి ఇంట్లో కొట్టొద్దు" అని నోరారా చెప్పాలి. పిన్ని కూడా పరాయి పిల్లాడి బరువు నెత్తినెత్తుకున్న మనిషి. టీ ఇచ్చి, కుర్చీ వేసి మాట్లాడండి, నిలబెట్టి కాదు.

రెండో పక్క నాన్నగారితో హెచ్ఎం రూమ్‌లో పదిమంది ముందు మాట్లాడొద్దు. ఆయన అడిగేది న్యాయమే, "మావాడికి రక్తం కారితే మీరు గుండ్రంగా కూర్చోబెట్టి కబుర్లు చెప్పిస్తారా?" అని. మీరు చెప్పాల్సింది, మీ అబ్బాయికి మళ్లీ దెబ్బ తగలకుండా లైన్లో ఏం మార్చామో, ఎవరు చూసుకుంటున్నారో, మీ అబ్బాయి ఏం అడుగుతున్నాడో. ఆస్పత్రి ఖర్చు అయితే అది ఎవరు భరిస్తారన్నది కూడా అప్పుడే తేల్చండి, నానిస్తే అదే పెద్దదవుతుంది. ఆయన కొడుకే అవతలివాడి యాసను వెక్కిరించిన సంగతి ఆ మొదటి రోజే ఆయనకు చెప్పకండి. వినే స్థితిలో ఉండరు.

ఇద్దరూ విడివిడిగా "సరే, కూర్చుంటాం" అన్నాకే కూర్చోవడం. ఒక్కరు వద్దన్నా ఆపేయాలి. వద్దనే హక్కు నిజంగా ఉన్నప్పుడే పిల్లలు ఒప్పుకుంటారు. గదిలో ఇద్దరు పిల్లలు, మీరు, ఇద్దరికీ చెరొక తోడు ఉంటే చాలు. తోడు అంటే వాళ్లు ఎంచుకున్న స్నేహితుడు కావచ్చు, పీఈటీ మాస్టారు కావచ్చు. ఎవరు ఎక్కడ కూర్చుంటారు, ముందు ఎవరు మాట్లాడతారు, మధ్యలో లేచి వెళ్లాలంటే ఏం చేయాలి, ఇవన్నీ ముందురోజే ఇద్దరికీ చెప్పి ఉంచండి. బెదిరిన పిల్లలకు ఏం జరగబోతోందో తెలియకపోవడమే సగం టెన్షన్. లేచి వెళ్లడానికి మాట అవసరం లేకుండా టేబుల్ మీద పెన్ను అడ్డంగా పెట్టడం లాంటి గుర్తు ఒకటి పెట్టుకుంటే బాగుంటుంది. షేక్ హ్యాండ్ అడగొద్దు. సారీ కూడా అడగొద్దు. పీఈటీ మాస్టారి ఆలోచన చెడ్డది కాదు, కానీ బలవంతపు సారీతో గొడవ గేటు బయటికి, బస్టాప్ దగ్గరికి మారుతుంది అంతే. సారీ రావాల్సి ఉంటే దానంతటదే వస్తుంది.

ఒప్పందం చిన్నదిగా, కంటికి కనిపించేదిగా ఉండాలి. "ఇకమీదట మంచిగా ఉంటాం" అన్నది ఒప్పందం కాదు. కుట్లు విప్పేదాకా వాడి బ్యాగు మెట్లెక్కించడం, "కుట్లోడు" అన్న మాట తన ముందు ఎవరన్నా ఆపడం, అవతలివాడు యాస వెక్కిరింతలు తన గ్యాంగ్‌లో మాన్పించడం, ఇలాంటివి. వాళ్ల నోటినుంచే రావాలి. మీరు అందించకండి, ఎంత చిన్నగా అనిపించినా. ఇంకొకటి, ఇలాంటి ఒప్పందాల్లో బడి చేయాల్సిన పని ఒకటైనా ఉంటుంది, దాన్ని మనం రాసుకోం. గంగాళం దగ్గర రెండు సెక్షన్ల పిల్లలు ఒకేసారి తోసుకుంటుంటే అది పిల్లల తప్పు ఎలా అవుతుంది? సెక్షన్‌వారీగా పది నిమిషాల తేడాతో వదలండి, లైన్ మధ్యలో ఒక టీచర్ నిలబడండి. మీ గొడవలో సగం దాంతోనే పోతుందని నా అనుమానం.

ఈ పద్ధతిని మన పంచాయితీతో పోల్చేవాళ్లున్నారు. పైకి అలాగే కనిపిస్తుంది, గుండ్రంగా కూర్చోవడం, ఇద్దరి మాటా వినడం. కానీ పంచాయితీలో పెద్దలు విని తీర్పు చెప్తారు, తప్పు కట్టిస్తారు. ఇక్కడ మీరు తీర్పు చెప్పకూడదు, అదే కష్టం. టీచర్లకు మరీను. ఈ ఆలోచన ఆధునిక రూపంలో 1974లో కెనడాలో మొదలైంది. ఇద్దరు కుర్రాళ్లు తాగి ఊళ్లో ఆస్తులు ధ్వంసం చేస్తే, నష్టపోయినవాళ్ల ఇళ్లకు వాళ్లను స్వయంగా పంపించారు. న్యూజిలాండ్ 1989లో మావోరీల సంప్రదాయం నుంచి తీసుకుని పిల్లల కేసుల్లో కుటుంబ సమావేశాలను చట్టంలో పెట్టింది. బళ్లలోకి 1994లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో వచ్చింది.

అలుసు సంగతి. మూడు రోజులు బడికి రావొద్దంటే పిల్లాడు ఏం చేస్తాడు? ఇంట్లో తన్నులు తింటాడు, లేదా రోడ్ల మీద తిరిగొస్తాడు. తను కొట్టిన నుదురుకి ఎదురుగా కూర్చుని "రాత్రి పక్కకి తిరిగి పడుకోలేకపోయాను" అన్న మాట వినడం దానికంటే చాలా బరువు. అలాగని ఇదొక మంత్రమని కూడా నేను చెప్పను. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఈ పద్ధతిని 44 బళ్లలో రెండేళ్లపాటు పరీక్షించి, 2018లో ర్యాండ్ అనే పరిశోధన సంస్థ ఫలితాలు ప్రచురించింది. బడి వాతావరణం బాగుపడిందని టీచర్లు చెప్పారు, సస్పెన్షన్ రోజులు తగ్గాయి, కానీ 6 నుంచి 8 తరగతుల్లో చదువు ఫలితాలు దెబ్బతిన్నాయి. మీది సరిగ్గా ఆ తరగతే. అందుకే పీరియడ్లు తినేసేలా ప్రతి చిన్నదానికీ సర్కిల్ పెట్టొద్దంటాను. పెన్సిల్ లాక్కున్నాడన్న దానికి రెండు నిమిషాల మాట చాలు.

కొన్నింటికి ఇది అసలు వాడకూడదు. లైంగికంగా ఇబ్బంది పెట్టిన విషయం ఏదైనా ఉంటే కూర్చోబెట్టి సర్దడానికి మనకు అధికారం లేదు. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష, సంస్థ పెద్దకైతే ఏడాది దాకా జైలు. కులం పేరు పెట్టి తిట్టడాన్ని కూడా "ఇద్దరూ చిన్నపిల్లలు" అని సర్కిల్లో కరిగించేయొద్దు, దెబ్బ తిన్నవాడు దాన్ని జీవితమంతా మోస్తాడు. ఒకడు నెలల తరబడి ఇంకొకణ్ని వేధిస్తుంటే, ఎదురెదురుగా కూర్చోబెట్టడం వేధించేవాడికి ఇంకో అవకాశం ఇవ్వడమే. అలాంటప్పుడు విడి పనులే చేయండి.

పిల్లాడు రాత్రులు నిద్రపోవడం లేదనో, చప్పుడు వింటే బెంచీ కిందకి దూరుతున్నాడనో, తనకు తాను గాయం చేసుకుంటున్నాడనో తెలిస్తే అది టీచర్ పని కాదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉంది, నంబరు 14416, తెలుగులోనే మాట్లాడతారు, రాత్రీ పగలూ పనిచేస్తుంది. చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రి పేరెత్తితే చాలామంది తల్లిదండ్రులు "మావాడికి పిచ్చా?" అని లేచిపోతారు. మొదట 14416కి పిన్ని చేత ఫోన్ చేయిస్తే దారి సులువవుతుంది.

ఇక హెచ్ఎం గారితో. ఆయన మీద కూడా ఒత్తిడి ఉంది, వాదనకు దిగొద్దు. విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఎలిమెంటరీ విద్య పూర్తయ్యేదాకా, అంటే ఎనిమిదో తరగతి అయ్యేదాకా, పిల్లాణ్ని బడి నుంచి తీసేయకూడదు. 2019 సవరణ మార్చింది ఫెయిల్ చేసే విషయాన్ని, దీన్ని కాదు. పిన్ని చేత "మేమే టీసీ అడిగాం" అని రాయించుకుని పంపడం కొన్నిచోట్ల జరుగుతుంది, అందులోకి మీరు సంతకంతో వెళ్లకండి. 17వ సెక్షన్ ప్రకారం కొట్టడమూ, మానసికంగా వేధించడమూ రెండూ నిషేధమే కాబట్టి అసెంబ్లీలో ముందు నిలబెట్టే ఆలోచన కూడా పోతుంది. ఇవి చెప్పేటప్పుడు చట్టం చూపించి భయపెట్టినట్టు కాకుండా, "రేపు ఎంఈవో గారు అడిగితే మన దగ్గర చూపించడానికి ఏముంటుంది సార్?" అన్న వైపు నుంచి చెప్పండి. తేదీలతో రాసిన ఒక పేజీ, ఎవరితో ఎప్పుడు మాట్లాడారు, ఏం ఒప్పుకున్నారు, లైన్ ఎలా మార్చారు, అంతే. పిల్లాడి ఇంటి విషయాలు ఆ పేజీలో ఉండకూడదు.

శుక్రవారం పీరియడ్ ఖాళీగా పోనివ్వొద్దు. క్లాసందరితో మామూలు సర్కిల్ ఒకటి పెట్టండి, గొడవ పేరెత్తకుండా. యాభైమంది ఉంటే సగం మందిని పీఈటీ మాస్టారితో గ్రౌండ్‌కి పంపండి. బంతి ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడాలి, ఇష్టం లేకపోతే "పాస్" అని పక్కవాళ్లకిచ్చేయాలి. ప్రశ్న తేలిగ్గా ఉండాలి, "మీ ఊళ్లో పండక్కి ఏం వండుతారు?" లాంటిది. కొత్త పిల్లాడు పాస్ అంటే అననివ్వండి. నెలకోసారైనా ఇలా కూర్చోవడం అలవాటైతే, నిజంగా గొడవ వచ్చిన రోజు సర్కిల్ అనే మాట వాళ్లకు కొత్తగా వినిపించదు. ఆ ఇద్దరినీ కూర్చోబెట్టడం కుట్లు విప్పాక, వచ్చే వారమో పై వారమో చూసుకోండి. కూర్చున్నాక రెండు వారాలకు ఒక్కొక్కరినీ మళ్లీ విడిగా పిలిచి ఒప్పందం ఎలా నడుస్తోందో అడగండి. తేదీ ఇప్పుడే డైరీలో రాసుకోండి, ఎఫ్ఏ పరీక్షల్లో పడి మర్చిపోతాం.